ముందు పై బోల్టు

ఫిబ్రవరి 2, సోమవారం

చాలా రోజులకు మళ్ళీ డైరీ తీశాను. షార్జాలో ఉన్నప్పుడు శుక్రవారాలు పొద్దుపోక రాసేవాణ్ణి. సిద్దిపేటకు వచ్చి షెడ్డు పెట్టుకున్నాక రాయాల్సినంత విషయమేమీ జరగలేదు. ఇవాళ జరిగింది. ఎర్ర కారు వచ్చింది.

రెండే తలుపులు, ఇద్దరికే సీట్లు, నేలను అంటుకుని పోతున్నట్టుంది. మెదక్ రోడ్డు మీద మా షెడ్డు ముందు ఆగేసరికి ఎదురుగా ఛాయ్ బండి దగ్గర ఉన్నవాళ్ళంతా గ్లాసులతో సహా రోడ్డు దాటి వచ్చేశారు. ప్రజ్ఞాపూర్‌లో ప్లాట్లు అమ్మే భానుప్రకాశ్‌ది. హైదరాబాద్‌లో ఎవరో వాడిన బండిని కొన్నాడు. వెనక చక్రాల నడుమ ఉండే డిఫరెన్షియల్‌లో ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదట, మార్చమన్నాడు.

"షార్జాల గిసొంటి బండ్లు మస్తు చేసిన్రట గద భాయ్. మీ మీద నమ్మకంతోని తెచ్చిన" అన్నాడు. నమ్మకం అన్న మనిషి తాళం ఇచ్చే ముందు కారు నాలుగు పక్కలా ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. మీటరు కూడా తీశాడు. నేను చూడనట్టే ఉన్నాను.

ఈ బండి సరిగా చేసి పంపితే ఇట్లాంటివి ఇంకో నాలుగు వస్తాయి. చెడగొడితే రెండో రోజుకే ఊరంతా పాకుతుంది. యోబుతో ఇదే అన్నాను. వాడు నవ్వి, "బండి బండేరా, ఎర్రగుంటె ఏంది, తెల్లగుంటె ఏంది" అన్నాడు. వాడికి అన్నీ తేలికే.

యోబూ నేనూ షార్జాలో ఒకే గదిలో, పైమంచం మీద వాడు, కిందిమంచం మీద నేను పడుకున్నవాళ్ళం. నాకు కామెర్లు వచ్చినప్పుడు గంజి కాచి పోసింది వాడే. షెడ్డు బోర్డు మీద గజేందర్, యోబు అని ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అట్లాంటి మనిషి మీద అనుమానం పెట్టుకునేవాణ్ణి కాను నేను. ఎవరి మీదా పెట్టుకోను. కంటికి కనిపించింది రాసిపెట్టుకుంటాను, అంతే.

యోబు భానుప్రకాశ్ ఫోన్ నంబరు తీసుకున్నాడు. నా దగ్గర ఉన్నదే గదా, మళ్ళీ వాడికెందుకో.

ఫిబ్రవరి 4, బుధవారం

ఆయిల్ మార్చేశాం.

హైదరాబాద్ నుంచి రెండు సీసాలు బస్సు పార్సెల్‌లో వచ్చాయి. కారును లిఫ్టు మీదికి ఎక్కించాం. కింద ఉండే బోల్టు విప్పితే పాత నూనె కారిపోతుంది. పక్కన పైకి ఉండే బోల్టులోంచి కొత్తది నింపాలి. ఎప్పుడూ ముందు పైదే విప్పి చూసుకోవాలి. కిందది ముందు విప్పేసి, తర్వాత పైది రానంటే, బండి ఖాళీ కడుపుతో లిఫ్టు మీదే ఉండిపోతుంది. షార్జాలో మా ఫోర్‌మన్ తిట్టి తిట్టి మరీ నేర్పిన సంగతి ఇది. యోబు పైది విప్పాడు, తర్వాత కిందది విప్పాడు. నల్లటి నూనె, కుళ్ళిన ఉల్లిగడ్డల వాసన. బోల్టుకుండే అయస్కాంతానికి బూడిద రంగు పేస్టు కొంచెం అంటుకుంది. అంతవరకూ మామూలే, లోపల ఏమీ అరగలేదు.

మధ్యాహ్నం అవ్వ, కొడుకు ఆకలి మీద ఉంటాడని, సద్ది తెచ్చింది. కారు కిందికి వంగి చూసి, "గదేందిరా, దానికి గంత వైద్యం?" అంది. యోబు చెప్పాడు: "మూల మల్గేటప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరగాలె, లోపటిది తక్కువ తిరగాలె అవ్వా. రెండిటికి పంచాయితి రాకుండ నడుమ గిదుంటది. దీనికి నూనె మారుస్తున్నం."

"అయితే పెద్దమనిషన్నట్టు" అంది అవ్వ. యోబు పడీ పడీ నవ్వాడు.

అంతటితో ఊరుకుంటే అయిపోయేది. కొంగు ముడి విప్పి, మొన్న ఆదివారం కొమురవెల్లి నుంచి తెచ్చిన మల్లన్న బండారి పిడికిట్లోకి తీసుకుని కారు బానెట్ మీద రాయబోయింది. ఆ పెయింటు మీద పసుపుపొడి పెట్టి రుద్దితే ఇంకేమన్నా ఉందా!

"అవ్వా! చెయ్యి తియ్! గీతలు పడితె ఎవడిస్తడు? ఇది నీ ఎడ్లబండి అనుకున్నవా?"

ఛాయ్ బండి దగ్గరివాళ్ళు ఇటు తిరిగి చూశారు. అవ్వ పిడికిలి మూసుకుంది. "నీ చేతికొచ్చిన మొదటి పెద్ద బండి గదరా" అంది, సన్నగా.

"అయితే? ఇంకోపారి గిసొంటివి పట్కొస్తె షెడ్డు లోపటికి రానియ్య."

రాగి వాషరు నలిగిపోయి ఉంటే, బండేసుకుని బజారుకు పోయాను. తిరిగి వచ్చేసరికి అవ్వ వెళ్ళిపోయింది. యోబు తిని, బోరింగ్ దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నేను వచ్చేలోపే రెండు సీసాల నూనె పంపు డబ్బాలో పోసి సిద్ధంగా పెట్టాడు. నేను పంపు కొట్టాను, వాడు గొట్టం పట్టుకున్నాడు. పంపు కొంచెం బరువుగా ఆడింది. కొత్త నూనె చిక్కగా ఉంటుంది గదా అనుకున్నాను. పై బోల్టు రంధ్రంలోంచి పొంగి కారేదాకా నింపి, తుడిచి, బిగించేశాం.

నేను అరిచింది ఎక్కువేమీ కాదు. నా జాగలో ఎవరున్నా అరుస్తారు.

ఫిబ్రవరి 5, గురువారం

కారు పోయింది. భానుప్రకాశ్ అద్దం దించి చెయ్యి ఊపుతూ పోయాడు. ఊపింది నాకా, యోబుకా?

ఫిబ్రవరి 8, ఆదివారం

కటింగ్ చేయించుకుని ఇంటికి వచ్చేసరికి గేటు ముందు యోబు బండి ఉంది. ఆదివారం పొద్దున వాడు చర్చికి పోవాలి. మా ఇంట్లో ఏం పని?

వంటింట్లో అవ్వ పీట మీద కూర్చుని ఉంది. యోబు ఎదురుగా గొంతుక్కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏంది ముచ్చట?" అన్నాను.

"అవ్వకు మోకాళ్ళ నొప్పులట" అన్నాడు యోబు.

"యోబు బిడ్డకు జరమట" అంది అవ్వ, అదే సమయంలో.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వడం కూడా తెలుసు నాకు.

ఫిబ్రవరి 9, సోమవారం

షెడ్డు వెనక తుక్కు ఇనుము దగ్గర నిలబడి యోబు ఫోన్ మాట్లాడుతున్నాడు. నేను పాత రేడియేటరు వెతుక్కోవడానికి అటు పోయాను. నిజంగానే రేడియేటరు కోసమే పోయాను.

"గజేందర్‌కు చెప్పకున్రి సార్. బండి తెచ్చిన్రంటె నేనే చేసి ఇస్త" అంటున్నాడు.

నన్ను చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకునే ముందు తెర మీద పేరు చూశాను. భానుప్రకాశ్ సార్.

"ఎవల్రా?" అన్నాను.

"ఇంటి నుంచి" అన్నాడు.

వాళ్ళింట్లో భానుప్రకాశ్ ఎప్పుడు పుట్టాడో! గిరాకీని నా వెనక నుంచి లాక్కుంటున్నాడు. కొత్తగా షెడ్డు పెట్టాలనుకుంటున్నాడేమో. ఎర్ర కారు వాడే చేశాడని పేరు తెచ్చుకుని, బోర్డు మీద ఒక్క పేరుతో మొదలుపెడతాడన్నమాట. కామెర్లప్పుడు గంజి పోస్తే మాత్రం? గంజి ఎవరైనా పోస్తారు.

ఫిబ్రవరి 10, మంగళవారం

రోజారాణి అంది: "అత్తమ్మ ఆదివారం సంది సగం అన్నమే తింటున్నది. షెడ్డుకు సద్ది గూడ నన్నే పట్కపొమ్మంటున్నది. నువ్వేమన్న అన్నవా?"

నేనేం అంటాను? మోకాళ్ళ నొప్పులేనేమో, ఆ మాట మాత్రం నిజమే కావచ్చు. అయినా షెడ్డుకు రాకపోవడమే మంచిది.

పెళ్ళాం కూడా నన్నే అడుగుతుంది. ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో ఈ ఇంట్లో.

ఫిబ్రవరి 11, బుధవారం

దొరికింది.

పాత టైర్ల వెనక, గోనెసంచిలో చుట్టి, రెండు సీసాలు. మూతలు కూడా తీయలేదు. అదే కంపెనీ, అదే నంబరు నూనె. మేము తెప్పించింది రెండే సీసాలు. అవి రెండూ ఇక్కడ సీలుతో ఉంటే, ఎర్ర కారులో పోసింది ఏమిటి?

ఆ రోజు నేను బజారుకు పోయినప్పుడు పంపు డబ్బాలో పోసింది యోబు. నేను చూడలేదు. ఖాళీ సీసాలు చెత్తబుట్టలో ఉన్నాయి, ఇప్పుడే మళ్ళీ పోయి చూసి వచ్చాను. కానీ ఖాళీ సీసాలు ఎవడైనా పడేయగలడు. లారీలకు పోసే చిల్లర నూనె డబ్బాలో నింపి, అసలుది దాచాడు. పంపు అందుకే బరువుగా ఆడింది! అప్పుడే అనుకున్నాను. కాదు, అప్పుడు అనుకోలేదు. అనుకోవలసింది.

గోనెసంచి ఎట్లా ఉన్నది అట్లాగే చుట్టి పెట్టేశాను.

ఫిబ్రవరి 12, గురువారం

అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడు.

ఇవాళ ఛాయ్ తెచ్చి ముందు నాకే ఇచ్చాడు. రోజూ అట్లాగే ఇస్తాడా? గుర్తు లేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

అక్షరాలు వంకరగా పడుతున్నాయి.

పొద్దున్నే ఎర్ర కారు వచ్చింది. భానుప్రకాశ్ దిగుతూనే, "ఏం చేసిన్రు భాయ్ దీన్ని? మూల తిప్పితె వెనకకెళ్ళి కటకట సప్పుడు" అన్నాడు. పక్కన కూర్చుని బైపాస్ దాకా పోయాను. నేరుగా పోతున్నంతసేపు ఏమీ లేదు. యూ టర్న్ తీసుకోగానే వెనక నుంచి ఎవరో గట్టి శెనగలు నములుతున్నట్టు చప్పుడు.

తిరిగి షెడ్డుకు వచ్చాక భానుప్రకాశ్ యోబు వైపు తిరిగాడు. "నువ్వన్నట్టే అయింది. సోమవారం ఫోన్ జేసి, బండి మల్ల తెండి, ఆయిల్ మల్ల మారుస్త అంటివి. పనుల నాకు తీరలే."

నేను యోబును చూశాను. యోబు నేలను చూశాడు. అంటే సోమవారానికే వాడికి తెలుసు, చప్పుడు వస్తుందని! చప్పుడు రాకముందే!

భానుప్రకాశ్‌ను వాళ్ళ మనిషి వచ్చి తీసుకుపోయాడు. వెంటనే గోనెసంచి తెచ్చి యోబు కాళ్ళ ముందు పెట్టాను.

"ఇవేంది?"

"ఆయిల్."

"నాకు కండ్లు లేవా? బండిల పోసిందేంది మరి?"

"అసలుదే పోసినం గజేందర్. ఒట్టు."

"అయితె ఇవి ఏడికెళ్ళి వచ్చినయి?"

"నేనే తెప్పిచ్చిన. మల్ల మార్చుదామని."

"ఎందుకు మార్చాలె?"

యోబు సంచి పక్కకు జరిపి, "ఒక్కపారి నా మాట ఇను. నువ్వు ఇంటికి పో. నేను మార్చి పెడ్త, రేపటికి సప్పుడు పోతది. ఎందుకని మాత్రం అడుగకు" అన్నాడు.

దొంగ అనేవాడు ఇంకేమంటాడు? ఇదే అంటాడు. నేను అన్నవన్నీ ఇక్కడ రాయను. "ఇయ్యాల్నే నీ పేరు బోర్డు మీదికెళ్ళి తీసేస్త, పో" అన్నది మాత్రం రాస్తున్నాను, ఎందుకంటే నిజంగానే తీసేస్తాను. వాడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తన స్పానర్లు వరసగా అరలో పెట్టాడు. షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టి పోయాడు. తప్పు చేయనివాడికైతే కోపం రావాలి గదా. వాడికి రాలేదు. అదొక్కటి చాలు నాకు.

తర్వాత నేనొక్కణ్ణే కారును లిఫ్టు ఎక్కించాను. లోపల వాడు పోసింది ఏమిటో కళ్ళారా చూడాలి. బోల్టు విప్పాను. నూనె కారింది, నూనె కాదు అది, చిక్కటి పసుపుపచ్చ బురద. బోల్టు అయస్కాంతం నిండా పసుపు ముద్ద. చిల్లర నూనెలో కూడా ఇట్లాంటిది నేనెప్పుడూ చూడలేదు. ఏ పాపిష్టివాడి దగ్గర కొన్నాడో.

చూసేదాకా నాకు ధ్యాస లేదు, నేను ముందు విప్పింది కింది బోల్టు.

పై బోల్టుకు కీ పెట్టి తిప్పాను. కోపంలో ఒక నంబరు చిన్న కీ తీసుకున్నట్టున్నాను. జారింది. మళ్ళీ బలం పెట్టాను. బోల్టు లోపలి ఆరు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఇప్పుడు ఏ కీ పెట్టినా గిర్రున తిరుగుతుంది. బండి ఖాళీ కడుపుతో లిఫ్టు మీద ఉంది. నింపడానికి దారి లేదు.

ఇది కూడా యోబు వల్లనే.

ఫిబ్రవరి 14, శనివారం

రోజంతా సుత్తితో, ఉలితో కొట్టాను. రాలేదు. ఇంకా గట్టిగా కొడితే హౌసింగ్ పగులుతుంది. వేరే షెడ్డువాళ్ళను పిలవవచ్చు. పిలిస్తే ఊరంతా నవ్వుతుంది.

భానుప్రకాశ్ ఫోన్ చేశాడు. బుధవారం కొత్త వెంచర్ ఓపెనింగ్ ఉందట, ఆ కారులోనే దిగాలట. "మంగళవారం దాంక చూస్త భాయ్. కాకుంటె లారీ ఎక్కిచ్చి హైదరాబాద్ పంపుత. మల్ల నా మాట ఎట్లుంటదో నీకే ఎరుక" అన్నాడు.

ఇంటికి రాగానే అవ్వ, "ఎర్ర కారు మల్ల వచ్చిందట గద. ఏమైంది?" అంది.

"యోబుగాడు ముంచిండు. నూనె మార్చి మోసం జేసిండు. ఎల్లగొట్టిన."

అవ్వ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. "వాడేమన్నడు?"

"ఏమంటడు? నోరుంటె గద."

అవ్వ లోపలికి పోయి పడుకుంది. పొద్దు కూడా కుంకలేదు. రోజారాణి నన్ను ఒక చూపు చూసింది. వీళ్ళందరికీ యోబు అంటే ఎంత ప్రేమో. నా మీద లేని ప్రేమ.

ఫిబ్రవరి 15, ఆదివారం, ఉదయం

శివరాత్రి. గల్లీ అంతా కొమురవెల్లికి పోతోంది. గుడి ముందు రంగుల ముగ్గుగా వేసే పెద్దపట్నం చూడకుండా అవ్వ ఏ శివరాత్రీ ఇంట్లో ఉండగా నేను చూడలేదు. ఇవాళ పోనంటోంది. "ఏ మొఖం పెట్టుకొని పోవాలె" అంది. నేను అడగలేదు. మోకాళ్ళ నొప్పులు.

దేవుడి గూట్లో అవ్వ బండారి మూట ఉంది. దీపం పెట్టడానికి రోజారాణి జరిపితే కొంచెం కింద ఒలికింది. నేను తువ్వాలతో తుడవబోయాను. మొన్న షెడ్డులో చేతులు తుడుచుకున్న తువ్వాలే అది. దాని మీద శుక్రవారంనాటి మరక ఉంది. రెండూ పక్కపక్కన చూశాను.

పసుపు ఎక్కడైనా ఉంటుంది. వంటింట్లో ఉంటుంది. గడపకు రాసి ఉంటుంది. కల్తీ నూనెలో కూడా ఉండవచ్చు.

పంపు డబ్బా మూత తీసి ఉండింది ఆ రోజు. అయితే ఏమైంది?

అదే రోజు, సాయంత్రం

రోజారాణి గుడికి పోయింది. అవ్వా నేనూ ఉన్నాం ఇంట్లో. ఇద్దరం ఉపవాసం. నేను అడగలేదు. అవ్వే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"గజేందరా, ఆ పిలగాన్ని ఏమనకురా. నేనే ఏసిన."

"ఏం ఏసినవు?" అన్నాను. తెలిసే అడిగాను.

"మల్లన్న బండారి. నువ్వు బజారుకు పోతివి. యోబు సద్ది తింటుండె. నూనె డబ్బకు మూత లేకుండె. పైన పెడితె గీతలు పడ్తయంటివి గద నువ్వే. లోపట ఎవలు చూస్తరు అనుకున్న. లోపట దేవుడుంటె బండికేం గాదు, నీకు మంచి పేరొస్తది అనుకున్న. పిడికెడు ఏసిన."

పిడికెడు. నేను అరిచినప్పుడు మూసుకున్న పిడికిలి అది.

"యోబుకు ఎరుకేనా?"

"పోయిన ఆదివారం నేనే చెప్పిన, సంబురంగ. వాడు తల పట్టుకున్నడు. దేవుని మీద తప్పు లేదవ్వా, లోపట బిళ్ళలుంటయి, పొడి పడ్తె అవి పట్టేస్తయి అన్నడు. గజేందర్‌కు చెప్పకు, బండి మల్ల తెప్పిచ్చి వానికి తెల్వకుంటనే సాఫ్ జేస్త అన్నడు. నువ్వు అరుస్తవని నేను గూడ చెప్పలే బిడ్డా."

నేను అరవలేదు. నేను అరవకపోవడం చూసి అవ్వ ఇంకా భయపడింది. కుర్చీలో కొంచెం వెనక్కి జరిగింది. నా కన్నతల్లి నన్ను చూసి వెనక్కి జరిగింది. ఎంత సిగ్గేసిందో రాయలేను.

ఫిబ్రవరి 16, సోమవారం

యోబు ఊరు బెజ్జంకి పోయి వచ్చాను.

దారి పొడవునా ఏమనాలో అనుకుంటూ పోయాను. తప్పయిందిరా అనాలి. అంతే గదా, రెండు మాటలు. యోబు ఇంటి ముందు ఎవరిదో ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. నా బండి చప్పుడు వాడికి తెలుసు. అయినా బయటికి రాలేదు. నేను ట్రాక్టరు పక్కన కూర్చున్నాను.

"అవ్వ చెప్పింది" అన్నాను.

కింద స్పానరు తిరగడం ఆగింది. "ఏమన్నవు అవ్వను?"

మొదటి మాట అది. తన సంగతి కాదు, అవ్వ సంగతి.

"ఏమనలే."

"నిజం చెప్పు."

"ఏమనలేదురా. ఒట్టు."

అప్పుడు బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. ముఖం నిండా గ్రీజు. నా వైపు చాలాసేపు చూశాడు, నా మాట నమ్మాలా వద్దా అన్నట్టు. వాడికి ఆ హక్కుంది.

"నాతోని ఒక్కమాట అంటె ఏం పోతుండె?" అన్నాను. ఇక్కడికి వచ్చి కూడా వాడినే అడుగుతున్నాను చూడు. "ఆ సీసాలు నీ ముందట పెట్టిన నాడన్న చెప్పొద్దా? దొంగ అని అన్న గద నిన్ను. ఎట్ల ఊకున్నవు?"

"నన్నంటె నేను బెజ్జంకి వచ్చి పడ్త" అన్నాడు యోబు. "అవ్వనంటె అవ్వ యాడికి పోతది?"

నేను తల దించుకున్నాను. వాళ్ళావిడ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను.

"నేను మల్లన్నకు మొక్కకపోవచ్చు. అవ్వ ఎందుకు మొక్కిందో నాకు ఎరుక లేదా? షార్జాల నువ్వు మంచాన పడ్డప్పుడు ఫోన్ల ఆమె ఏడిస్తె ఇన్నది నేనే గద. ఆ బండారి నీ కోసం ఏసింది. దానికి ఆమెను నిలబెట్టి అడుగుతవా నువ్వు? అడుగుతవు. నాకు ఎరుకే."

తప్పయింది అనలేకపోయాను. "పై బోల్టు పాడు జేసిన" అన్నాను.

"ముందు కిందిది ఇప్పినవా?"

తల ఊపాను.

"ఫోర్‌మన్ ఉంటె నీ వీపు సాపు జేస్తుండె" అన్నాడు. నవ్వలేదు. మళ్ళీ ట్రాక్టరు కిందికి జరిగాడు. నేను లేవబోతుంటే లోపలి నుంచి అన్నాడు, "రేపు పొద్దుగాల వస్త. బోర్డు మీద పేరుందా తీసినవా?"

"ఉంది."

"ఉండనీ, పనైతె అయ్యేదాంక."

పని అయ్యేదాకా అన్నాడు. ఆ తర్వాత సంగతి అనలేదు. నేను అడగలేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

యోబు వచ్చాడు. నాతో అవసరమైనంతే మాట్లాడాడు.

అరిగిపోయిన బోల్టులోకి ఒక సైజు పెద్ద స్టార్ బిట్టును సుత్తితో దిగ్గొట్టి, పొడుగు రాడ్డు వేసి, మెల్లగా పట్టాడు. ఠక్ మని వదిలింది. ఆ చప్పుడు వింటే నా కడుపులో పాలు పోసినట్టైంది. మామూలు నూనె పోసి, చక్రాలు తిప్పి, కడిగి వదిలాం. మళ్ళీ పోసి మళ్ళీ వదిలాం. పసుపు పోయేదాకా కడిగి, కొత్త బోల్టుతో వాడు తెప్పించిన ఆ రెండు సీసాలూ పోశాం. గోనెసంచిలోవే. ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె వేసినట్టు అటూ ఇటూ తిప్పాం. చప్పుడు లేదు. యోబు అద్దం దించి చెవి బయట పెట్టి ఇంకోసారి విన్నాడు. లేదు.

భానుప్రకాశ్ సాయంత్రం వస్తానన్నాడు. అప్పటిదాకా ఊరికే ఉండలేక ఇంటికి పోయి, "అవ్వా, బండి మంచిగైంది, వచ్చి చూస్తువు దా" అన్నాను. యోబు వచ్చాడని కూడా చెప్పాను. అవ్వ చీర మార్చుకుని నా బండెక్కింది. నా భుజం పట్టుకోలేదు, సీటు వెనక రాడ్డు పట్టుకుని కూర్చుంది.

షెడ్డు ముందు దిగింది. నేను బండి స్టాండు వేసి లోపలికి పోయాను. వెనక వస్తుందనుకున్నాను. రాలేదు. తిరిగి చూస్తే గేటు దగ్గరే ఆగి ఉంది. యోబు చేతులు తుడుచుకుంటూ, "రా అవ్వా, గాడనే నిలబడ్డవేంది" అన్నాడు.

అవ్వ యోబును చూడలేదు, నన్ను చూసింది. కొంగు ముడి విప్పి దులిపింది. అందులో ఏమీ లేదు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి తిప్పి చూపించింది.

"ఏం తేలేదు బిడ్డా. చూడు. ఉత్త చేతులే."

ఛల్, ఇదేందవ్వా అని ఆ చేతులు పట్టుకుని లోపలికి తీసుకురావచ్చు. అట్లాగే చేశాను కూడా, తర్వాత. కారు దగ్గరికి తీసుకుపోయాను. బానెట్ మీద నేనే ఆమె చెయ్యి పెట్టాను. యోబు స్టూలు తెచ్చి వేశాడు.

కానీ అది తర్వాత. ఆమె చేతులు చాపగానే, చూడొద్దనుకుంటూనే, నేను వాటిని చూశాను. ఏమన్నా ఉందేమోనని చూశాను. యోబు అక్కడే నిలబడి, నేను చూడటం చూశాడు.

ముందు చేతులు చూశాను. అవ్వ ముఖం తర్వాత చూశాను.